చేతులకు సెలవు

ఆసుపత్రి వాళ్ళు పెద్దక్కకు సెలవు ఇవ్వలేదు, ఆమె చేతులకు ఇచ్చారు. కాళ్ళు డ్యూటీకి రావాలి, కళ్ళు రావాలి, నోరు ఎలాగూ వస్తుంది, దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. చేతులు మాత్రం ఆరు వారాలపాటు ఏ పసిబిడ్డనూ తాకకూడదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో ఇరవై రెండేళ్ళు నర్సుగా చేసిన మనిషికి ఇంతకంటే పెద్ద శిక్ష ఏముంటుంది? తప్పు చేసినవాళ్ళను వెళ్ళగొడితే ఎక్కడో దూరాన పడి ఏడుస్తారు. ఈమెను గుమ్మం దగ్గరే కూర్చోబెట్టారు.

పెద్దక్క ఆమె అసలు పేరు కాదు. పెద్ద డాక్టరు దగ్గర్నుంచి నేల తుడిచే ఆయమ్మ దాకా అందరూ అలాగే పిలుస్తారు. కొత్తగా చేరిన ప్రతి నర్సూ మొదటి నెల ఆమె వెనకే తిరగాలి, ఆమె చేత తిట్లు తినాలి. ఆ తిట్లలో ముప్పాతిక చేతుల గురించే. బిడ్డను తాకే ముందు కడుగు, తాకాక కడుగు, బిడ్డను వెచ్చగా ఉంచే అద్దాల పెట్టె మూత ముట్టుకుంటే కడుగు, ముక్కు గోక్కుంటే ముక్కుతో సహా కడుగు. ఒకసారి పెద్ద డాక్టరు చేతి గడియారం తీయకుండా లోపలికి వస్తే, టైము చూడాలంటే గోడకు ఉందండీ అని గుమ్మంలోనే ఆపేసింది. ఆయన కిక్కురుమనకుండా గడియారం తీసి జేబులో వేసుకున్నాడు.

తను చెప్పింది తను చేసేది, అదే కొంప ముంచింది. సబ్బుతో మోచేతుల దాకా కడిగేది, తడి ఆరకముందే శానిటైజర్ పూసేది, ఆ తడి మీదే గ్లౌజులు తొడిగేది. రెండిట్లో ఏదో ఒకటి చాలదా అని ఎవరైనా అడిగితే, నీ కన్నబిడ్డకైతే ఒకటి చాలంటావా అని నోరు మూయించేది. ఇలా రోజుకు ఎనభై తొంభైసార్లు. చేతులు ముందు ఎండాయి, తరవాత మంట పుట్టాయి, ఆ తరవాత వేళ్ళ సందుల్లో చీలి నెత్తురు కనపడింది. ఎనిమిది నెలలు ఆ సంగతి గ్లౌజుల కింద దాచింది, ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న ధీమాతో.

ఈశ్వరుడు పట్టలేదు గాని, ల్యాబు వాళ్ళు పట్టారు. ఏడాదికోసారి వార్డులో అందరి చేతుల మీదా దూదిపుల్ల రాసి పరీక్షకు పంపుతారు. ఇక్కడ అందరికంటే శుభ్రమైన చేతులు ఎవరివని అడిగితే గోడలు కూడా పెద్దక్క వైపే చూపిస్తాయి. తీరా ఫలితాలు వచ్చేసరికి, అందరికంటే ఎక్కువ క్రిములు దొరికింది ఆ చేతుల మీదే. పగిలిన చర్మంలో అవి కాపురం పెడతాయట, ఎంత కడిగినా పోవట.

చర్మం డాక్టరు వయసులో ఆమె పెద్దకొడుకంత ఉంటాడు. ఆమె చేతుల్ని దీపం కింద తిప్పి తిప్పి చూసి, ఇదంతా మీ చేతులారా చేసుకున్నదేనమ్మా అన్నాడు. చేతికి మురికి కంటికి కనపడితే సబ్బు, కనపడకపోతే శానిటైజర్, అదీ పొడి చేతుల మీద, ఏదో ఒకటే, రెండూ ఎప్పుడూ కలపకూడదు అని చెప్పాడు. పెద్దక్క వాదించింది. శానిటైజర్ పూస్తే మండుతోంది కాబట్టి అసలు చెడ్డది అదే కదా అంది. సబ్బు చీల్చింది, శానిటైజర్ ఆ చీలికను చూపించింది, అంతే, అన్నాడతను. ఆరు వారాలు లేపనం రాసి, రాత్రిపూట నూలు గ్లౌజులు తొడుక్కుని, తడి తగలకుండా చూసుకుంటే మానుతుందని కాగితం రాసిచ్చాడు.

అలా వార్డు గాజుగోడకు ఇవతల కుర్చీ పడింది. చేతిలో అట్ట, దాని మీద కాగితం. ఎవరు బిడ్డను తాకే ముందు చేతులు శుభ్రం చేసుకున్నారు, ఎవరు చేసుకోలేదు అన్నది టిక్కు పెట్టడం ఆమె పని. మొదటి వారానికి వార్డు మార్కులు నూటికి తొంభై ఆరు. ఆసుపత్రి పెద్దాయన స్వయంగా వచ్చి అభినందించి పోయాడు. పెద్దక్క పళ్ళు కొరుక్కుంది. ఆమె కుర్చీలో ఉన్నంతసేపే ఆ తొంభై ఆరు. టీ తాగడానికి లేచి, బట్టల అల్మారా పక్కనుంచి తొంగిచూస్తే సగానికి సగం. ఆమె మళ్ళీ కనపడగానే పెద్ద డాక్టరు ఫొటోకు నిలబడ్డ పెళ్ళికొడుకులా వేళ్ళు విడదీసి మరీ రుద్దుకునేవాడు. అందరి చేతులూ తెలిసిన మనిషి ఏమని రాస్తుంది? చూసింది రాసింది, చాటుగా చూసింది వేరే కాగితం మీద రాసి హెడ్ సిస్టర్‌కు ఇచ్చింది. హెడ్ సిస్టర్, పెద్దక్క ఒకే ఏడు ఉద్యోగంలో చేరినవాళ్ళు. ఆవిడ ఆ రెండో కాగితాన్ని చదివి మడిచి సొరుగులో పెట్టుకుంది.

నిజానికి పెద్దక్క బాధ మార్కుల గురించి కాదు. ఆమె కళ్ళు కాగితం మీద కంటే మూడో పెట్టె మీదే ఎక్కువసేపు ఉండేవి.

మూడో పెట్టెలో గుప్పెడు ఉన్నాడు. పుట్టినప్పుడు కిలోకు అరవై గ్రాములు తక్కువ. కాన్పు గదిలోంచి వాడిని మొదట అందుకున్నది పెద్దక్క చేతులే. ఎడమ అరచేతిలో తల, కుడి అరచేతిలో మిగతా మనిషంతా సరిపోయాడు. గుప్పెడంత లేవు, నీకు ఇంత గోలేంట్రా అని ఆమె అన్నదే వాడికి పేరైపోయింది. మొదటి మూడు వారాలూ వాడు రోజుకు నాలుగైదుసార్లు ఊపిరి తీసుకోవడం మరిచిపోయేవాడు. అరికాలి మీద వేలితో చిన్నగా మీటితే గుర్తొచ్చి, కోపంగా ముఖం చిట్లించి మళ్ళీ మొదలెట్టేవాడు. ఊపిరి పీల్చడం కూడా నేనే గుర్తు చేయాలిరా మహానుభావా అని ఆమె వాడితో పోట్లాడేది. నాలుగో వారంలో కుర్చీ వచ్చింది. ఆ తరవాత ఆ అరికాలిని ఇంకెవరో మీటారు. ఆరో వారం నుంచి మీటాల్సిన అవసరమే రాలేదు.

పిల్లలు లేక పుట్టిన ఆపేక్ష కాదిది. ఆమెకు ఇద్దరు కొడుకులు, ఇద్దరూ తల్లికంటే జానెడు ఎత్తు. ఇరవై రెండేళ్ళలో వందలమందిని ఎత్తుకుంది, వందలమందిని ఇంటికి పంపింది, సగం ముఖాలు గుర్తు కూడా లేవు. కానీ ఎత్తుకుని పంపడం వేరు. సగంలో ఎవరో చేతుల్లోంచి లాక్కున్నట్టు ఆగిపోవడం వేరు. వాడి బరువు ఆమె అరచేతుల్లో ఎక్కడ ఆగిందో అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు వాడు దానికి దాదాపు రెట్టింపయ్యాడు, ఆ రెట్టింపు ఎలా ఉంటుందో ఆమె చేతులకు తెలియదు. ఇంటి దగ్గర టీవీ ముందు కూర్చుని ఉన్నప్పుడు ఎడమచేయి దానంతట అదే దోసిలిలా వంగేది. బస్సు డ్రైవరైన మొగుడు చూసి, స్టీరింగు నేను పట్టుకుంటాలే, నువ్వు పడుకో అని వేళాకోళం చేసేవాడు. నవ్వుతూనే ఆ చేతిని తీసుకుని లేపనం రాసేవాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఎన్నడూ గరిటె కడగని మనిషి ఆరు వారాలు అంట్లు తోమాడు, రోజూ ఒక గ్లాసు పగలగొట్టి.

గుప్పెడు పద్దెనిమిది వందల గ్రాములు దాటి, పాలు తనంతట తాగితే ఇంటికి పంపేస్తారు. పెద్దక్క చేతులు మానితే లోపలికి రానిస్తారు. ఏది ముందు? ఆమెకు బతుకంతా ఆ ఒక్క ప్రశ్న దగ్గరే ఆగింది. రోజూ పొద్దున్నే బరువు చూశాక చిట్టి గాజు అవతలనుంచి వేళ్ళతో చూపించేది: పదహారు వందల యాభై, పదిహేడు వందలు, పదిహేడు వందల నలభై. వాడు పెరిగినందుకు ముందు మనసు నిండేది, ఆ వెంటనే గుండె జారేది. ఒరే, నాలుగు రోజులు నిదానించు, నీ సొమ్మేం పోయింది అని లోలోపల బతిమాలేది. ఆ వెంటనే బిడ్డ ఎదగొద్దని కోరుకున్నందుకు చెంపలు వేసుకునేది.

చిట్టి అంటే వార్డులో అందరికంటే చిన్న నర్సు. రెండేళ్ళ కిందట చేరినప్పుడు పెద్దక్క వెనక తిరిగిన ఆఖరి పిల్ల. నోట్లో నాలుక లేనిది, చెప్పింది చెప్పినట్టు చేసేది. పెద్దక్క కుర్చీలోకి వచ్చాక మూడో పెట్టె బాధ్యత ఆ పిల్లకే ఇచ్చారు.

ఆరో వారం గురువారం నాడు చర్మం డాక్టరు పెద్దక్క చేతులు చూసి, బాగా మానాయి, సోమవారం నుంచి డ్యూటీలో చేరొచ్చని సంతకం పెట్టాడు. కొత్త చర్మం ఇంకా లేత, జాగ్రత్త అని కూడా చెప్పాడు. ఆమె ఆ రెండో మాట వినే స్థితిలో లేదు. మెట్లు రెండేసి దిగుతూ వార్డుకు వచ్చేసరికి చిట్టి వేళ్ళు చూపించింది, పదిహేడు వందల తొంభై. శనివారం పంపించేస్తున్నారట. చేతికి అందింది నోటికి అందకుండా పోయింది. పెద్దక్క హెడ్ సిస్టర్ గదిలోకి వెళ్ళి, ఇరవై రెండేళ్ళ స్నేహంలో ఎప్పుడూ అడగనట్టు అడిగింది. రేపు శుక్రవారం పొద్దున బరువు చూసేటప్పుడు వాడిని పెట్టెలోంచి తీసి తక్కెడలో పెట్టడం, తక్కెడలోంచి తీసి పెట్టెలో పెట్టడం, ఆ రెండు పనులూ తనకు ఇమ్మంది. హెడ్ సిస్టర్ కాగితం చూసింది, స్నేహితురాలి ముఖం చూసింది.

"అయిదు నిమిషాలు. అంతకంటే అడక్కు."

"ఆరో నిమిషం అడిగితే నన్ను లిఫ్టులో పడేసి తలుపు మూసెయ్."

ఆ సంతోషంలో తేలుతూ కుర్చీలో కూర్చుని ఉండగానే కంటికి ఒక సంగతి కనపడింది. చిట్టి పెట్టె దగ్గరికి వెళ్ళే ముందు గోడకున్న శానిటైజర్ మీట నొక్కింది. నొక్కిన చప్పుడు వినపడింది. మందు మాత్రం అరచేతిలో పడలేదు. చేతిని కాస్త పక్కకు జరిపింది, అది కింద చెత్తడబ్బాలో పడింది. ఆ పిల్ల ఉత్త చేతులు రుద్దుకుని గ్లౌజులు తొడుక్కుంది. చప్పుడు విని టిక్కు పెట్టిన కాగితాలన్నీ పెద్దక్క కళ్ళ ముందు తిరిగాయి. అరగంటలో ఇంకో రెండుసార్లు అదే జరిగింది.

పెద్దక్క గాజు మీద కొట్టి పిలిచి, బట్టలు మార్చుకునే గదిలోకి తీసుకెళ్ళి, గ్లౌజులు తీయమంది. చిట్టి తీయలేదు. పెద్దక్కే తీసింది. కొత్తగా చూసేదేముంది? ఎనిమిది నెలలు తన ఒంటి మీద చూసిందే. వేళ్ళ సందులు ఎర్రగా చీలి, మణికట్టు దగ్గర పొలుసులు లేచి ఉన్నాయి.

"ఎన్నాళ్ళ నుంచే?"

"నాలుగు నెలలయిందక్కా. మీరు నేర్పినట్టే రెండూ చేశాను."

పెద్దక్కకు నోట మాట రాలేదు. ఆ నోటికి అలాంటి గతి పట్టడం అదే మొదటిసారి కాబోలు. చిట్టి ఏడుస్తూ, ఎవరికీ చెప్పొద్దని చేతులు జోడించింది. చెబితే తననూ ఆ కుర్చీలో కూర్చోబెడతారట, వచ్చేపోయే ప్రతివాళ్ళూ ఈమె చేతులకు రోగమట అని చూస్తారట. మీరు గాజులోంచి చూస్తూ కళ్ళు తుడుచుకోవడం నేను రోజూ చూశానక్కా, అలా నావల్ల కాదు అంది. పెద్దక్కకు అప్పుడు తెలిసింది, తను అక్కడ కూర్చుని లెక్కించింది చేతుల్ని, పెంచింది భయాన్ని అని. ఆ కుర్చీని చూసి ఇంకెంతమంది గ్లౌజులు బిగించుకున్నారో.

చెప్పి తీరాలి, అందులో రెండో మాట లేదు. పగిలిన చేతుల్ని శుభ్రం చేయకుండానే గ్లౌజుల కింద పెట్టుకుని గుప్పెడంత పిల్లల్ని తాకడం ఎంత ప్రమాదమో పెద్దక్కకంటే ఎవరికి తెలుసు? కానీ చెబితే ఈ క్షణమే చిట్టిని తీసేస్తారు, ఆ ఖాళీలోకి ఎవరు వెళతారు? తనే. రేపటి అయిదు నిమిషాలే కాదు, రేపంతా, ఎల్లుండంతా మూడో పెట్టె తనదే. చేయాల్సిన పనీ, చేయాలని ఉన్న పనీ ఒకటైపోయేసరికి ఆమెకు తన మీద తనకే అనుమానం వచ్చింది. నలుగురూ ఏమంటారు? చిన్నపిల్లను నెట్టేసి చోటు సంపాదించుకుందంటారు. అన్నా అననీ గాని, అది అబద్ధమని గుండె మీద చేయి వేసుకుని తను చెప్పగలదా?

చివరికి సగం పని చేసింది. కడుపునొప్పని చెప్పి ఇప్పుడే ఇంటికి పో, ఎవరినీ తాకొద్దు, రేపు పొద్దున డ్యూటీ ఎక్కే ముందే నీ నోటితో నువ్వే హెడ్ సిస్టర్‌కు చెప్పు, లేదా నేను చెబుతానంది. చిట్టి తలూపి వెళ్ళిపోయింది. ఎవరికైనా అది దయలాగే కనపడుతుంది. అందులో కొంత దయే. మిగతాది, ఈ గొడవ ఈరోజే బయటపడి, తనకు చోటు దక్కే బదులు అందరి చేతులకూ పరీక్షలు మొదలైతే రేపటి తన అయిదు నిమిషాలు కూడా గల్లంతవుతాయన్న భయం. ఆ సంగతి పెద్దక్క తన దగ్గర దాచుకోలేదు.

శుక్రవారం పొద్దున ఆమె అందరికంటే ముందు వచ్చింది. వార్డు బయటి గదిలో, మోచేత్తో తిప్పే కుళాయి ముందు నిలబడి చేతులు కడుక్కుంది. ఎలా కడుక్కుంది? పెళ్ళిచూపులకు ముస్తాబయ్యే పిల్ల కూడా అంత శ్రద్ధ పెట్టదు. అరచేతులు, మెటికలు, వేళ్ళ సందులు, గోళ్ళ చివర్లు, మణికట్లు, మోచేతులు. వాడి తల ఇక్కడ ఆనుతుంది కదా అని ఆ చోటు ఇంకోసారి. వీపు ఇక్కడ కదా అని ఇది ఇంకోసారి. తుడుచుకుంది, పూర్తిగా ఆరకముందే చేయి దానంతట అదే గోడ మీది మీట దగ్గరికి వెళ్ళింది. ఇరవై రెండేళ్ళ అలవాటు ఆరు వారాలకే చస్తుందా? ఆమె మనసు మూడో పెట్టె దగ్గర ఉంది, చేతులు పాత దారిన పోయాయి.

లోపల హెడ్ సిస్టర్ తక్కెడ పక్కన నిలబడి ఉంది. గుప్పెడు వాళ్ళమ్మ కూడా ఉంది. బక్కపలచని పిల్ల, మొదటి కాన్పు. తొమ్మిది వారాలుగా రోజూ వచ్చి, నర్సులు బిడ్డను గుండెల మీద పెడితే ఊపిరి బిగబట్టి కూర్చోవడమే గాని, తనంతట తను వాడిని ఎత్తుకున్న పాపాన పోలేదు. చేయి జారితే ఎలా అక్కా అనేది. చిట్టి గుమ్మం దగ్గర, గ్లౌజులు తొడుక్కుని, హెడ్ సిస్టర్ ముఖం వైపు చూస్తూ నిలబడింది. ఇంకా చెప్పలేదని పెద్దక్క ఆ నిలబడటంలోనే గ్రహించింది.

పెట్టె తలుపు తెరుచుకుంది. వాడు నిద్రలో నోరు చప్పరిస్తున్నాడు. చెంపలు వచ్చాయి వెధవకి. పెద్దక్క చేతులు చాచింది, అప్పుడు చురుక్కుమంది. కుడి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, వెంట్రుక మందాన ఎర్రటి గీత. వేలు కాస్త విప్పేసరికి గీత చివర చిన్న నెత్తుటి చుక్క.

ఎవరూ చూడలేదు. హెడ్ సిస్టర్ తక్కెడ మీద గుడ్డ సర్దుతోంది. తల్లి బిడ్డనే చూస్తోంది. ఎడమపక్క చేతికి అందేంత దూరంలో గ్లౌజుల పెట్టె. ఒక్క గ్లౌజు, అయిదు నిమిషాలు, తరవాత సోమవారం దాకా మళ్ళీ ఎవరినీ తాకక్కర్లేదు. దేవుడా, అయిదు నిమిషాలే కదా అనుకుంది. చేయి వెళ్ళింది, గ్లౌజు తీసింది, వేళ్ళలోకి సగం దాకా ఎక్కించింది కూడా. తలెత్తేసరికి గుమ్మంలోంచి చిట్టి ఆ గ్లౌజునే చూస్తోంది. అది ఎందుకు తొడుగుతున్నారో ఆ గదిలో తెలిసింది ఇద్దరికే.

ఆ పిల్ల కళ్ళలో నింద లేదు. ఉంటే బాగుండేది. అమ్మయ్య, అందరూ ఇంతే అన్న ఊరట ఉంది. అది పెద్దక్క తట్టుకోలేకపోయింది. గ్లౌజు లాగేసి డబ్బాలో పడేసి, పెట్టె దగ్గర్నుంచి రెండడుగులు వెనక్కి జరిగింది.

"నా చేయి మళ్ళీ పగిలింది," అంది. "సబ్బూ శానిటైజరూ రెండూ కలిపి రాశాను. నేనే చేసుకున్నాను. గ్లౌజు కింద దాచబోయాను కూడా."

హెడ్ సిస్టర్ వచ్చి ఆ చేతిని వెలుతురుకు తిప్పి చూసింది. అనేదేముంది, అంత దగ్గరికి వచ్చి వెనక్కి జరిగిన మనిషిని? అప్పుడు గుమ్మంలో చిన్న చప్పుడైంది. చిట్టి గ్లౌజులు విప్పి, రెండు చేతులూ ముందుకు చాపి లోపలికి రెండడుగులు వచ్చింది. నావి కూడా మేడమ్ అంది. హెడ్ సిస్టర్ ఆ చేతులు చూసి, ఈ చేతులు చూసి, గుమ్మం దాకా వెళ్ళింది. తరవాత డ్యూటీలో ఉన్న మిగతా నలుగురినీ పిలిచి గ్లౌజులు తీయమంది. ఇద్దరివి బాగున్నాయి. ఇంకో ఇద్దరివి బాగాలేవు. ఆవిడ తన రెండు చేతులూ ఎప్పుడు వెనక్కి పెట్టుకుందో ఎవరూ గమనించలేదు, పెద్దక్క తప్ప. మరి నీ చేతులో, అని అడిగింది. హెడ్ సిస్టర్ వేళ్ళు చాపింది. గోళ్ళ మొదళ్ళు వాచి ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం హెడ్ సిస్టర్ సొరుగులో మడిచిపెట్టిన కాగితాలతో సహా ఆసుపత్రి పెద్దాయన గదికి వెళ్ళి, చర్మం చీల్చే ఆ సబ్బు మార్చేదాకా, ప్రతి కుళాయి దగ్గరా లేపనం పెట్టించేదాకా, పగిలిన చేతులవాళ్ళకు జీతం కోయకుండా వంతులవారీ బయటి పని ఇచ్చేదాకా అక్కడ్నుంచి లేవలేదట. అది తరవాతి సంగతి. ఆ పొద్దున మాత్రం బాగున్న చేతులవాళ్ళిద్దరూ అవతల గదిలో ఊపిరి ఎగబీలుస్తున్న బిడ్డ దగ్గరికి పరుగెత్తారు. ఇక్కడ తలుపు తెరిచిన పెట్టెలో గుప్పెడు కాళ్ళు తన్నుకుంటున్నాడు. చలి తగులుతోంది వాడికి.

పెద్దక్క తల్లి వైపు తిరిగింది.

"నీ చేతులు చూపించమ్మా."

చూపించింది. గీటు లేని చేతులు.

"పో, కడుక్కురా. సబ్బు ఒక్కటే. బాగా తుడుచుకో. వాడిని నువ్వే ఎత్తాలి."

నావల్ల కాదక్కా అంటూనే కడుక్కుని వచ్చింది. పెద్దక్క రెండడుగుల దూరంలో నిలబడి, తన చేతుల్ని ఒకదాన్లో ఒకటి బిగించి పట్టుకుని, ఒక్కొక్క మాటే చెప్పింది. ఎడమ అరచేయి తల కిందికి. ఇంకాస్త లోపలికి, మెడ కూడా ఆనాలి. కుడిచేయి నడుం కిందికి, వేళ్ళు విప్పి. భయపడకు, వాడు నీకంటే గట్టివాడు. ఇప్పుడు ముందుకు వంగి, నీ గుండె దగ్గరికి తెచ్చుకుని అప్పుడు లే. ఆ మాటలన్నీ చేతులు చేయాల్సినవి. నోరు చెబుతుంటే ఒక్కో మాటకూ ఆమె అరచేతుల్లో ఏదో పీకినట్టయింది. తల్లి చేతులు వణుకుతూనే లేచాయి. గుప్పెడు గాల్లోకి వచ్చాడు, ఒకసారి కళ్ళు తెరిచాడు, ముఖం చిట్లించి మళ్ళీ పడుకున్నాడు. తక్కెడ పద్దెనిమిది వందల ముప్పై చూపించింది. తల్లి ఏడుస్తూ నవ్వింది. పెద్దక్క నవ్వలేదు, ఏడవలేదు. బట్టల అల్మారా వెనక్కి వెళ్ళి ఆ రెండో పని కడుపునిండా చేసి వచ్చింది.

శనివారం మధ్యాహ్నం వాళ్ళు వెళ్ళిపోయే వేళకు గాజుగోడ ఇవతల రెండు కుర్చీలు పడ్డాయి. ఒకదాంట్లో చిట్టి, చేతులకు లేపనం, ఒళ్ళో అట్ట. పెద్దక్కకు ఇంకో నాలుగు వారాలు రాశాడు చర్మం డాక్టరు. తిట్టాడు కూడా, ఆమె పడింది.

తల్లి బిడ్డను గుడ్డలో చుట్టి ఎత్తుకుని బయటికి వచ్చింది. ఎలా ఎత్తుకుందో, పదిమందిని కన్నదానిలా. వెనక సంచులు మోస్తూ మొగుడు. ఆమె తిన్నగా పెద్దక్క దగ్గరికి వచ్చి ఆగి, బిడ్డను ముందుకు చాపింది.

"ఒక్కసారి ఎత్తుకోండక్కా. ఇది వార్డు కాదు కదా. ఎవరూ ఏమనరు."

నిజమే, ఎవరూ ఏమనరు. చిట్టి కూడా తల తిప్పుకుని కాగితంలోకి చూస్తూ కూర్చుంది, పాపం. గుడ్డ అంచులోంచి నుదురు కనపడుతోంది, దాని మీద నూగు జుట్టు. పాల వాసన వస్తోంది. పెద్దక్కకు ప్రాణం లేచొచ్చింది. ఎంత కావాలనిపించిందంటే, అలా కావాలనుకోవడం ఒంట్లో నొప్పిలా తెలిసింది. చేతులు రెండూ వీపు వెనక్కి కట్టేసుకుంది.

"వద్దు తల్లీ. వీడింకా రెండు కిలోలైనా లేడు. ఇంటికెళ్ళాక ఎవరడిగినా ఇలాగే చాపకు. ముందు చేతులు చూడు, తరవాతే ముఖం చూడు. మీ అత్తగారైనా సరే."

తల్లి బిడ్డను జాగ్రత్తగా మొగుడి చేతుల్లో పెట్టి, తల కింద అరచేయి సర్ది, మళ్ళీ వెనక్కి వచ్చింది. వచ్చి, పెద్దక్క వీపు వెనక దాక్కున్న కుడిచేతిని పట్టుకుని ముందుకు తెచ్చుకుంది. కట్టు కట్టని ఆ చీలికను, లేపనం జిగురును, పొలుసుల్ని ఏమాత్రం పట్టించుకోకుండా తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, నిలబడింది. నిన్నటిదాకా వణికిన చేతులు, ఇప్పుడు వెచ్చగా, గట్టిగా ఉన్నాయి. గ్లౌజు లేకుండా, లేపనం రాయడానికో పరీక్షించడానికో కాకుండా ఎవరైనా ఆ చేతిని ఊరికే పట్టుకుని ఎన్ని నెలలయిందో పెద్దక్కకు గుర్తురాలేదు. ఇంకాసేపు అలాగే ఉంచితే బాగుండునని మనసారా అనుకుంది. ఉంచలేదు. మెల్లగా తన చేయి తను వెనక్కి తీసుకుంది.

"చూశావా, పని పెట్టావు," అంది. "నన్ను ముట్టుకున్నావు. ఇప్పుడు వాడిని ఎత్తుకోవాలంటే మళ్ళీ చేతులు కడుక్కోవాలి."

తల్లి కళ్ళు తుడుచుకుంటూ కుళాయి దగ్గరికి నడిచింది. పెద్దక్క వెంట వెళ్ళి పక్కనే నిలబడి, నీళ్ళు ఆగేదాకా, ఆఖరి వేలు ఆరేదాకా చూసి, ఇక వెళ్ళమంది.